శ్రీకాకుళం ఉందా అని మేం అడగలేదు

మా ముత్తాత తండ్రి శ్రీకాకుళం దగ్గర ఒక చిన్న సంస్థానానికి దివాను. మా ముత్తాత ఆ సంస్థానం వారిచ్చిన గ్రామాలకు మొఖాసాదారు, అంటే ఆ ఊళ్ళ శిస్తు ఆయన ఇంటికే వచ్చేది. మా తాతగారు ఆనరరీ మేజిస్ట్రేటు. సాయంత్రం ఆయన నాగావళి గట్టు మీద నడవడానికి బయల్దేరితే బజారులో దుకాణదారులు లేచి నిలబడేవారు. తూకం వేస్తున్న బెల్లం త్రాసులోనే ఉండిపోయేది. మా నాన్నగారు కొంతకాలం మొఖాసాదారుగా ఉండి, ఎస్టేట్లు రద్దయ్యాక ఏమీ కాకుండా ఉండిపోయారు. నేను విజయనగరం పక్కన గోనెసంచుల మిల్లులో గుమస్తాని. ఈ వరస చూసి మా వంశం దిగిపోయిందనే వాళ్ళున్నారు. దిగినా ఒక క్రమంలో దిగింది, దొర్లిపోలేదు అని నేనంటాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మేం ఎవరినీ ఏమీ అడిగేవాళ్ళం కాదు. తాతగారి రోజుల్లో ఊళ్ళో జరిగినవన్నీ వీధి అరుగు దగ్గరికి వాటంతటవే వచ్చేవి. ఎక్కడ వాన పడింది, ఎవరి ఎద్దు తప్పిపోయింది, ఎవరు కాలం చేశారు, అన్నీ ఎవరో ఒకరు వచ్చి చేతులు కట్టుకుని చెప్పేవారు. అడగడమంటే మనకు తెలియదని ఒప్పుకోవడం. తప్పనిసరిగా అడగవలసి వస్తే అడగడానికి ఒక జవాను ఉండేవాడు. జవానుకు జీతం ఇవ్వలేని రోజు వచ్చాక ఇంట్లో అడిగే మనిషే లేకుండా పోయాడు.

దీనివల్ల కొన్ని ఇబ్బందులు ఉండేవని ఒప్పుకుంటాను. ఒకసారి నాన్నగారు విజయనగరం స్టేషనులో శ్రీకాకుళం వెళ్ళడానికి రైలెక్కారు. అది ఎటు పోతుందో పెట్టెలో ఎవరినీ అడగలేదు. గజపతినగరం దాటాక అనుమానం వచ్చిందట. అయినా అడగలేదు. రాయగడలో దిగి, ఊరంతా ఒక చుట్టు చుట్టి, మర్నాడు ఇంటికొచ్చి, "రాయగడ చూసొచ్చాను. చల్లగా ఉంది" అన్నారు.

నేను చెప్పబోయేది అరవైల చివర్లో, శ్రీకాకుళం మీద తుఫాను పడ్డప్పటి సంగతి.

అప్పటికి మేం విజయనగరంలో కంటోన్మెంటు దగ్గర ఒక ఇంటి వెనక వాటాలో అద్దెకుంటున్నాం. గాలికి మా పెంకులు కొన్ని లేచిపోయాయి, వీధిలో వేపచెట్లు పడ్డాయి, కరెంటు పోయింది. అదంతా మేం పట్టించుకోలేదు. వాన తగ్గిన మధ్యాహ్నం ముందు వాటాలో ఇంటి యజమాని ట్రాన్సిస్టరు పెట్టాడు. గోడ ఇవతల కూర్చుని మేం విన్నాం. నాగావళి పొంగిందనీ, శ్రీకాకుళం పట్టణంలోకి నీరు వచ్చిందనీ చెప్పి, ఆ తరవాత గరగర. ఆ గరగరలోనే ఆయన బ్యాటరీలు అయిపోతాయని కట్టేశాడు. ఇంకొంచెంసేపు పెట్టవయ్యా అని ఆయన్ని అడగవచ్చు. అడగలేదు.

నాకు శ్రీకాకుళం, జనం నోట సిక్కోలు, అంటే ఏమిటో చెప్పడం కష్టం. వేసవిలో నాగావళి ఇసుకలో పాకే దోసపాదులు, ఏడు రోడ్ల కూడలిలో ఎటు పోవాలో తెలియక ఆగిపోయే పల్లెటూరి ఎడ్లబళ్ళు, మా వీధి చివర సాయంత్రం వేసే బజ్జీల నూనె వాసన. ఇవన్నీ నీళ్ళలో ఎలా ఉంటాయో ఊహించుకోలేక అన్నం సహించలేదు. నాన్నగారి బాధ మాత్రం ఇంకో రకం. భోజనం దగ్గర ఆయన చెయ్యి కడిగేసుకుంటూ అన్నారు:

"ఈ ఊళ్ళో మనం ఎవరం? వెనక వాటావాళ్ళం. మనం ఎవరిమో తెలిసిన మనుషులు శ్రీకాకుళంలో ఉన్నారు. ఆ మనుషులు కొట్టుకుపోతే ఇక మనం ఎక్కడైనా వెనక వాటావాళ్ళమే."

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కండువా వేసుకుని, పడక కుర్చీ వరండాలో వేయించుకుని కూర్చున్నారు, కబురు తెచ్చేవాళ్ళ కోసం. మా వరండా వీధిలోకి ఉండదు, సందులోకి ఉంటుంది. ఆ సందులోకి మధ్యాహ్నం దాకా వచ్చింది ఒక్క దూడ.

ఇది చూడలేక నేను బస్టాండుకు వెళ్ళాను. అక్కడ శ్రీకాకుళం సంగతి తెలిసినవాళ్ళు ఉండకపోరు. అడగకుండా తెలుసుకోవడానికి నాకొక పద్ధతి తట్టింది. ఏదైనా ఒక మాట అనేస్తే, అది తప్పయితే ఎదుటివాడే దిద్దుతాడు. కిళ్ళీకొట్టు దగ్గర నిలబడి, ఎటో చూస్తూ అన్నాను:

"నాగావళి వంతెన పోయి ఉంటుంది."

కొట్టువాడు ఆకుకు సున్నం రాస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

"పోనాదేటి బాబూ?"

"పోయి ఉంటుంది అన్నాను."

"ఓర్నాయనో! ఒరే మావా, వంతెన ఎల్లిపోనాదంటరా!" అని వాడు అటు ఆగి ఉన్న బస్సు కండక్టరుకు వినబడేలా కేకేశాడు.

కండక్టరు డ్రైవరుకు చెప్పాడు. డ్రైవరు బస్సులో వాళ్ళకు చెప్పాడు. లోపల ఎవరో ముసలమ్మ గొల్లుమంది. నన్ను దిద్దేవాడు ఒక్కడూ కనబడలేదు. ఆ గోలలో నిలబడటం మర్యాదగా తోచక, కిళ్ళీ తీసుకుని ఇంటికొచ్చేశాను.

సాయంత్రం నాన్నగారికి గడ్డం చెయ్యడానికి మంగలి వచ్చాడు. మా ఇంటికి కబురు తెచ్చిన మొదటి మనిషి అతనే. సబ్బు నురగ పూసి, కత్తి పట్టుకుని, గొంతు తగ్గించాడు.

"సెప్పకూడదు గాని బాబూ, సిక్కోలు వంతెన ఎల్లిపోనాదట. మిల్లులో పెద్దాఫీసరు ఒకాయన సొయంగా సూసొచ్చి బస్టాండులో సెప్పినాడంట. సెప్తూ సెప్తూ ఏడిసీసినాడంట."

నాన్నగారు కళ్ళు మూసుకున్నారు. సగం గడ్డానికే చాలన్నారు. నాకూ గుండె కలుక్కుమంది. అయితే నా ఊహ తప్పలేదనీ, మా మిల్లు ఆఫీసరే కళ్ళారా చూశాడనీ ఒక మూల కొంచెం తృప్తి కూడా కలిగింది.

మర్నాడు మిల్లులో అడుగుపెట్టగానే జనం నన్ను చుట్టుముట్టారు. "ఎలగున్నాది గుమస్తాగారూ సిక్కోలు? నీరు ఎంత మట్టానికున్నాది? మీరు ఎలగ దాటొచ్చినారు?" అని ఒకటే అడగడం. ఆ పెద్దాఫీసరు ఎవరో అప్పుడు అర్థమైంది. ఆ మిల్లులో నాకు ఎన్నడూ రాని ప్రమోషను ఆ కిళ్ళీకొట్టువాడు ఒక్క సాయంత్రంలో ఇచ్చాడు. నేను ఏడవలేదని మాత్రం అందరికీ విడివిడిగా చెప్పాను.

సెలవు పెట్టి ఇంటికి పరిగెత్తాను. నాన్నగారు అప్పటికే సంచీ సర్దుకుని, రెండో సగం గడ్డం తనే గీసుకుని, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నారు.

"వంతెన పోయిందన్నది ఉత్తమాట నాన్నగారూ. అది నేనన్న మాటే, తిరిగి తిరిగి మనింటికే వచ్చింది" అన్నాను.

ఆయన నావైపు గౌరవంగా చూశారు. "నువ్వే అన్నావా? అయితే నిజమే. మన వంశంలో ఊరికే ఒక మాట అనరు."

ఇంతలో మా అమ్మ అరటాకులో పెరుగన్నం కట్టి తెచ్చింది. మా అమ్మ ఇంకో వంశం నుంచి వచ్చిన మనిషి. సంచీలో పొట్లం పెడుతూ, "వంతెనకేం కాలేదుట. పాలమనిషి మేనకోడలు నిన్న దానిమీంచే నడిచి వచ్చింది. ఊళ్ళో బురద ఎక్కువగా ఉందిట, జారకుండా నడవండి" అంది.

నేను ఆమెకేసి చూశాను. అడగలేదు, చూశానంతే.

"నాకు నిన్ననే తెలుసు. నన్నెవరు అడిగారు?" అంది.

"పెరటి దారిన వచ్చిన కబురు" అని నాన్నగారు చెప్పులు తొడుక్కున్నారు. కబురు వీధి గుమ్మంలోంచి వస్తేనే కబురు. ఆ విషయంలో ఆయనది తాతగారి పట్టుదలే.

రైలు చీపురుపల్లి దాకానే వెళ్ళింది. ముందు పట్టాల కింద మట్టి జారిపోయిందని అందరినీ దింపేశారు. బియ్యం బస్తాలు వేసుకుని శ్రీకాకుళం వైపు లారీలు పోతున్నాయి. మేం రోడ్డు పక్కన నిటారుగా నిలబడ్డాం. లారీ ఆపమని చెయ్యెత్తడం కూడా ఒక రకంగా అడగడమే కనక చెయ్యెత్తలేదు. లారీలు మా మీద బురద చిమ్మి వెళ్ళిపోయాయి.

అంతలో ఎండుచేపలు సంతలో అమ్ముకుని తిరిగి పోతున్న ఒకావిడ ఖాళీ గంపలతో వచ్చింది. వస్తూనే రోడ్డు నడిమధ్య గంపలు పెట్టి, వాటి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వచ్చిన లారీ కీచుమంటూ ఆగింది.

"సస్తావేటే అప్పా!" అని డ్రైవరు అరిచాడు.

"నాను సస్తే నీకేటి గాని, ఎక్కించుకో!" అని ఆవిడ గంపలు పైకి విసిరింది.

లారీ మాకోసమే ఆగినట్టు మేమూ ఎక్కాం. బస్తాల మీద ఆవిడ ఒక పక్క, మేం ఒక పక్క. ఎండుచేపల వాసన మాత్రం పక్కలు చూడలేదు. నాన్నగారు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకోవడం అమర్యాద అని తలచి, మొహం గాలివైపు తిప్పుకున్నారు.

"ఏ ఊరు బాబూ?" అంది ఆవిడ.

"శ్రీకాకుళం" అన్నారు నాన్నగారు, గాలితో.

"ఏ ఈది? ఎవులింటోరు?"

శ్రీకాకుళం పరిసరాల్లో మా వంశాన్ని ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. నాన్నగారు మొహం గాలివైపే ఉంచారు. నేనే కలగజేసుకుని తాతగారి ఉద్యోగం చెప్పాను.

ఆవిడ గంప మీద ఒక్క చరుపు చరిచింది. "ఓలమ్మ! మేస్ట్రీటుగారా! మా మావకి జరిమానా ఏసినాడు! కల్లు తాగి సంతలో తగువాడినాడని. 'ఏరా, మళ్ళీ తాగుతావా' అన్నాడంట. 'తాగుతాను బాబయ్యా' అన్నాడంట మావ. ఇంకొంచెం ఏసినాడంట. సచ్చిపోయే దాకా సెప్పుకొని నవ్వీవోడు. మీరు ఆయన కొడుకేటి?"

నాన్నగారు మొదటిసారి ఆవిడకేసి తిరిగారు. "అవును. ఆయన కొడుకుని" అన్నారు. మూడు రోజుల తరవాత ఆ మొహంలో కళ కనిపించింది.

ఆవిడకు అడగడం ఊపిరి తీసుకోవడంలాంటిది. రోడ్డు మీద ఎదురైన ప్రతివాణ్ణీ లారీ మీంచే కేకేసేది. "ఒరే! సిక్కోలు ఉన్నాదా, పోనాదా?"

"ఉన్నాదే అప్పా! బురదా ఉన్నాది, ఊరూ ఉన్నాది!" అని ఒక సైకిలువాడు అరిచాడు.

ఆ మాట మా అమ్మ చెప్పినదే. కానీ ఇది రోడ్డు మీద, మగవాడి నోట, మాకు ఎదురుగా వచ్చి చెప్పిన కబురు. నాన్నగారు తలాడించారు. కాసేపటికి ఆకాశంకేసి చూస్తూ, "వంతెన సంగతి ఎవరూ చెప్పడం లేదు" అన్నారు.

ఆవిడ చురుకైన మనిషి. ఎదురుగా వస్తున్న బండివాణ్ణి పట్టుకుంది. "ఒరే బావా! వంతెనో?"

"గుండ్రాయిలాగున్నాది!"

ఇంకొంతదూరం పోయాక నాన్నగారు, "మా వీధి కాస్త పల్లం" అన్నారు, ఎవరితోనో అన్నట్టు.

"ఒరే! పల్లపీదులో?"

"మునిగినాయి! మనుసులు బయటపడ్డారు!"

ఇలా నాన్నగారు సగం మాట గాలిలోకి వదలడం, ఆవిడ దాన్ని అందుకుని లోకాన్నంతా నిలదియ్యడం. తాతగారి జవాను ఇంత బాగా అడిగేవాడు కాదని తరవాత ఆయనే ఒప్పుకున్నారు. లారీ దిగేటప్పుడు ఆవిడ, "మీరు నోరిప్పి అడిగితే సెప్పరేటి బాబూ ఎవులైనా? మొగోళ్ళకి ఇంత సిగ్గేటి!" అంది. నాన్నగారు అది వినలేదు. విన్నట్టయితే నాకు తెలిసేది.

వంతెన ఉంది. దాని గోడల మీద ఊరంతా ఆరేసి ఉంది. పరుపులు, బొంతలు, బడిపిల్లల పుస్తకాలు, ప్లీడర్ల కాగితాల కట్టలు, ఒక హార్మోనియం. కింద నాగావళి ఎర్రగా, ఏమీ ఎరగనట్టు పోతోంది. నాన్నగారు కండువా సర్దుకుని, తాతగారి నడకతో వంతెన దాటారు. బజారులో ఒక్కరూ లేచి నిలబడలేదు. లేచి నిలబడాలంటే ముందు కూర్చుని ఉండాలి. అక్కడ కూర్చున్నవాడు లేడు. ఆడా మగా అందరూ మోకాళ్ళదాకా బురదలో దిగి, పారలతో, చేటలతో, చేతులతో బురద ఎత్తి పోస్తున్నారు. "తప్పుకోండి, తప్పుకోండి!" అని ఒకడు మా కాళ్ళ మీద తట్టెడు పోశాడు. నాన్నగారి నడక మారింది. ఆయన భయపడింది ఇదేనని నాకు తెలుసు. ఊరు ఉంది, మేం లేం.

మా పాత ఇల్లు చాలాకాలంగా తాళం వేసి ఉంచిందే. వీధి గోడ పూర్తిగా కూలిపోయింది. ద్వారబంధం ఒక్కటే నిలబడి ఉంది. దానికి రెండు పక్కలా ఎటునుంచైనా లోపలికి పోవచ్చు. నాన్నగారు ద్వారబంధంలోంచే లోపలికి వెళ్ళారు. నేనూ అలాగే వెళ్ళాను. వెళ్ళాక తెలిసింది, దానికి తలుపు లేదు.

ఆ తలుపు గురించి చెప్పాలి. ముత్తాత చేయించిన టేకు తలుపు, రెండు రెక్కలు, ఇత్తడి బొడిపెలు. మా చిన్నప్పుడు ఆ గడప దాటేటప్పుడు ఎవరైనా సరే చెప్పులు కిందనే విడవాలి. మా వీధిలో చాలామందిని అసలు గడప దాకా రానిచ్చేవాళ్ళు కారు. వాళ్ళు ఏం చెప్పుకోవాలన్నా సందు వైపునుంచే.

ఎదురింటి ముసలి దర్జీ చేతిలో చేటతో వచ్చాడు. కళ్ళు చిట్లించి చూశాడు. "బాబుగారేనేటి?"

"తలుపు కనబడటం లేదు" అన్నారు నాన్నగారు.

"కనబడదు బాబూ. బళ్ళో ఉన్నాది. రండి."

బడి కాస్త మెరక మీద ఉంటుంది. వీధి వీధంతా అక్కడే ఉంది. ఆవరణలో ఇటుకల మీద మా తలుపు రెక్క ఒకటి పడుకోబెట్టి ఉంది. దాని మీద అరిటాకులు పరిచి, ఆవిరి కక్కుతున్న అన్నం కుప్పగా పోసి ఉంది. ఒక నల్లమేక ఇత్తడి బొడిపెను నాకుతోంది.

దర్జీ చెప్పాడు. నీరు నడుముదాకా వచ్చేసరికి వీధిలోవాళ్ళకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. గోడ కూలి మా తలుపు ఊడి, తేలుతూ దర్జీ గుమ్మం ముందుకొచ్చిందట. దాన్ని పట్టుకుని, తాళ్ళు కట్టి, ముసలాళ్ళనూ పిల్లలనూ దానిమీద కూర్చోబెట్టి, ఈదగలిగినవాళ్ళు అటూ ఇటూ నెట్టుకుంటూ మెరకకు చేర్చారట. ఎన్ని విడతలో లెక్కలేదట.

"మేస్ట్రీటుగారి ఓడ అని పేరెట్టీసినారు బాబూ గుంటలు" అన్నాడు, చుట్టూ చేరిన పిల్లలను చూపించి.

నాన్నగారు చాలాసేపు ఆ తలుపును చూస్తూ నిలబడ్డారు. వీధంతా ఆయన్ని చూస్తోంది. అనుమతి లేకుండా తీసుకున్నారని కోప్పడతారేమోనని నాకూ అనిపించింది. అప్పుడు ఆయన నోరు తెరిచి, నా ఎరికలో మొదటిసారి, ఒక మనిషిని ఒక ప్రశ్న అడిగారు.

"చెప్పులతోనే ఎక్కారా?"

అన్నం వడ్డిస్తున్న ఒకావిడ గరిటె పట్టుకునే అంది: "సెప్పులెక్కడివి బాబూ? అవి ముందే ఏటిపాలైపోనాయి."

ఎవరో ఫక్కున నవ్వారు. తరవాత వీధంతా నవ్వింది. నాన్నగారు నవ్వలేదు. కానీ ఒకసారి అడిగాక ఇక ఆపుకోలేకపోయారు.

"మునగలేదా?"

"అడుగున అరటిబోదెలు కట్టినాం బాబూ" అన్నాడు ఒక కుర్రాడు.

దర్జీ వాడి నెత్తిన ఒకటి మొట్టాడు. "నోర్ముయ్యరా! టేకు బాబూ, టేకు. మీ తాతగారు సేయించిన తలుపు. మునగమన్నా మునగదు."

"అందరూ బయటపడ్డారా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. గాజులమ్మే ఆవిడ తల్లి మాత్రం దక్కలేదన్నారు. మంచం దిగనందట, ముందు మేకను ఎక్కించమందట. తలుపు మళ్ళీ వెళ్ళేసరికి మంచం లేదు. నాన్నగారు కండువా భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నారు. ఆ ముసలమ్మ పేరు చెప్పి, "మా నాన్నగారికి గంధం తీసి పెట్టేది" అన్నారు. వాళ్ళకు ఆయన తెలుసని కాదు, ఆయనకు వాళ్ళు తెలుసని నాకు అప్పుడు తెలిసింది.

"కూకోండి బాబూ, అన్నం తిందురు" అంది గరిటె ఆవిడ. మా ఇంట్లో ఎవరూ వీధిలో, పదిమందిలో తినలేదు. నాన్నగారు తటపటాయించారు. "మీ తలుపు మీద అన్నం. మీరే తినకపోతే మాం ఎలగ తింటాం?" అంది ఆవిడ. మేం బాసింపట్టు వేసుకుని కూర్చుని తిన్నాం. అన్నంలో టేకు వాసన ఉందని నాన్నగారు తరవాత చాలామందితో అన్నారు. నాకైతే మేక వాసనే వచ్చింది.

సాయంత్రం దాకా ఆయన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడుగుతూనే ఉన్నారు. మీ ఇల్లు నిలిచిందా, మీ ఆవు దొరికిందా, మీ అబ్బాయి ఎక్కడున్నాడు, మీ పొయ్యి వెలిగిందా. చెప్పి చెప్పి కొందరు విసుక్కున్నారు కూడా. బయల్దేరేటప్పుడు బడి పంతులు వచ్చి, బడి తలుపులు కొట్టుకుపోయాయి, ఈ రెక్క ఇక్కడే ఉంచుకోవచ్చా అని నెమ్మదిగా అడిగాడు.

"ఉంచుకోండి. రెండోది దొరికితే అదీ ఉంచుకోండి" అన్నారు నాన్నగారు.

తలుపు లేని ఇంటికి తాళం వెయ్యలేం. గోడ కట్టించే శక్తి మాకు లేదు. ఇంటి స్థలాన్ని, బావిని, నిలిచిన గోడల ఇటుకతో సహా, మరుసటి వేసవిలో ఒక ధాన్యం వ్యాపారికి అమ్మాం. ద్వారబంధం తనకు అక్కర్లేదన్నాడు. దాన్ని విడిగా కట్టెల అడితికి అమ్మాం.